మూత కింద వేలు

మా అక్క మొగుడికి ల్యాబ్‌లో పెట్టిన పేరు డేగకన్ను. ఆయనకి ఆ పేరంటే గర్వం, నాకు నవ్వు. పొయ్యి మీద పాలు పెడితే పొంగేదాకా రెప్ప వేయడు. కూతురు సైకిల్ మీద బడికి వెళ్తుంటే స్కూటర్ మీద నత్తనడకన వెనకాలే వెళ్తాడు. ఆ పిల్ల సిగ్గుతో తలదించుకుని తొక్కుతుంది, ఈయనేమో "ముందు చూడు, ముందు చూడు" అని వీధంతా వినబడేలా అరుస్తాడు.

మేమిద్దరం పనిచేసేది చిప్పుల ల్యాబ్‌లో. కంపెనీలు కొత్త సెన్సర్ చిప్పులు తయారు చేయించుకుని, పనికొస్తాయో లేదో తేల్చమని మాకు పంపుతాయి. గోరు కంటే చిన్న ముక్క మీద సన్నటి సూదులు ఆనించి, అందులోంచి ఎంత కరెంటు వృథాగా కారిపోతోందో కొలుస్తాం. అలా విప్పి ఉంచిన చిప్పు మీద వెలుతురు పడితే చాలు, లేని కరెంటు పుట్టుకొస్తుంది. అందుకే సూదులు ఆనించాక మైక్రోస్కోపు దీపం ఆర్పి, నల్లమూత పూర్తిగా దించి కొలవాలి. ఆ మాట కాగితం మీద రాసి గోడకి అంటించింది మా బావే. మర్చిపోయినవాళ్ళకి చీవాట్లు పెట్టేదీ ఆయనే.

ఆ నెల ఒక చిన్న కంపెనీ నుంచి ఇరవై చిప్పులొచ్చాయి. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల ఒంటి వేడి కనిపెట్టే సెన్సర్లు. బావ కొలిచి, ఇరవైకి ఇరవై ఫెయిలని రిపోర్టు పంపేశాడు. మర్నాడు పొద్దున్నే ఆ చిప్పు డిజైన్ చేసినావిడ స్వయంగా వచ్చింది.

"ఒక్కసారి నా ముందు కొలవండి సార్. పోయినసారి చేసింది కూడా ఫెయిలైంది. ఇదీ పోతే ఇక ఈ పనే ఆపేస్తామన్నారు మావాళ్ళు" అంది. గొంతు గట్టిగానే ఉంది కానీ, చేతిసంచి పట్టీని వేలికి చుట్టుకుంటూనే ఉంది.

"పద్దెనిమిదేళ్ళలో నా రిపోర్టు ఒక్కటి తప్పలేదమ్మా" అన్నాడు బావ. కాకిపిల్ల కాకికి ముద్దు అన్నట్టు నావైపొక చూపు చూసి, యంత్రం వెనక తన స్టూలు మీద కూర్చున్నాడు. నేనూ ఆవిడా ఇవతల కంప్యూటర్ తెర ముందు కూర్చున్నాం. తెర మీద కరెంటు చూపించే గీత పైకి లేచి అక్కడే నిలబడింది. ఫెయిల్. ఆవిడ తల వంచుకుంది.

ఇంతలో బావ ఫోన్ పట్టుకుని బయటికెళ్ళాడు, పాలు దించావా అని అక్కని అడగడానికి. గీత టక్కున కిందికి దిగి బుద్ధిగా పడుకుంది. ఆయనొచ్చి కూర్చున్నాడు. గీత లేచింది. ఐదు నిమిషాలకి అక్కే ఫోన్ చేసింది, దించానని చెప్పడానికి. ఆయన బయటికెళ్ళాడు, గీత దిగింది.

ఆయన తిరిగొచ్చాక నేను చప్పుడు చేయకుండా వెళ్ళి వెనక నిలబడ్డాను. మా డేగకన్ను ఒక కన్ను మూసి, మూత అంచు కింద వేలు పెట్టి రవ్వంత ఎత్తి, సూదులు జారాయేమోనని లోపలికి చూస్తున్నాడు. ఆ సందులోంచి ట్యూబులైటు వెలుతురు తిన్నగా చిప్పు మీద పడుతోంది. చెప్పేవి శ్రీరంగ నీతులు! సామెతలో రెండో సగం మరదలు అనకూడదు కాబట్టి ఊరుకున్నాను.

"బావా, ఆ వేలు తీయండి."

"ఏ వేలు?"

నిజంగానే తెలీదు ఆయనకి. వంగి తన వేలిని తనే చూసుకున్నాడు. పాత చిప్పుల్లో కరెంటు ఎక్కువే కారేది కాబట్టి ఈ చిటికెడు వెలుతురు ఏ లెక్కలోకీ రాలేదు. ఈ చిప్పులు మరీ మంచివి కావడంతో ఆయన దొరికిపోయాడు.

ఆ రోజంతా బావని దూరంగా కుర్చీలో కూర్చోబెట్టి నేనే కొలిచాను. చేతులు ఒళ్ళో పెట్టుకుని, దెబ్బలు తిన్న పిల్లాడిలా కూర్చున్నాడు. సాయంత్రానికి ఇరవైలో పంతొమ్మిది పాసయ్యాయి. ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ, "మెషీన్ పొరపాటని రాయండి సార్, నాకది చాలు" అంది.

"మెషీన్ ఏం పాపం చేసిందమ్మా" అని బావ పెన్ను తీశాడు. 'మొదటి రిపోర్టు తప్పు. కొలిచేటప్పుడు మూత ఎత్తింది నేను' అని రాసి, కింద సంతకం పెట్టాడు. పద్దెనిమిదేళ్ళ పేరు ఒక్క ముక్కతో పోయింది. నాకు ఆయన మీద వల్లమాలిన ప్రేమ పుట్టుకొచ్చింది. చెబితే నెత్తికెక్కుతాడని చెప్పలేదు.

మర్నాడు పొద్దున వాళ్ళింటికి వెళ్ళేసరికి పిల్ల సైకిల్ బయటికి తీస్తోంది. బావ స్కూటర్ తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"కాసేపు నీ దగ్గరుంచు. అడిగినా ఇవ్వకు" అన్నాడు.

పిల్ల తల పైకెత్తి తొక్కుకుంటూ వెళ్ళింది. అది మలుపు తిరిగేదాకా బావ గేటు పట్టుకుని చూస్తూనే ఉన్నాడు. చూడనిచ్చాను. చూస్తే పాడైపోవడానికి ఆ పిల్లేమీ చిప్పు కాదు కదా.