కూర్చుని చూపించే చీర

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున వంకాయలు తరుగుతుండగా ఫోన్ మోగింది. పెద్దక్క కూతురు. "అమ్మ పోయింది చిన్నమ్మా. మంచిగనే తిని పండుకుంది, పొద్దున లేవలే" అంది. కత్తిపీట పక్కకు జరిపి కాసేపు ఏడ్చాను. కళ్లు తుడుచుకుంటుంటే ఉన్నట్టుండి గుండుసూది గుర్తొచ్చి నవ్వొచ్చేసింది. ఏడుస్తూ నవ్వుతున్న నన్ను చూసి మా ఆయన కంగారుగా మంచినీళ్లు తెచ్చాడు. ఆ గుండుసూది సంగతి మీక్కూడా చెబుదామనే ఇది రాస్తున్నాను.

పెద్దక్క నాకు తోడబుట్టింది కాదు. జూబ్లీ హిల్స్‌లో మేం పనిచేసిన పట్టుచీరల షోరూమ్‌లో సేల్స్‌వాళ్లందరిలోకీ పెద్దది. మాదాపూర్ వైపు అద్దాల మేడలు లేస్తున్న రోజులవి. సాఫ్ట్‌వేర్ వాళ్ల పెళ్లిళ్లనీ, సినిమావాళ్ల ఇళ్లలో ఫంక్షన్లనీ షాపు ముందు కార్లకు చోటుండేది కాదు. ఊరు బాగా సంపాదిస్తోందన్న కబురు మా జీతాలకు మాత్రం ఎవరూ చెప్పినట్టు లేదు. యూసుఫ్‌గూడలో గది కిరాయి కట్టి బియ్యం తెచ్చుకుంటే సగం నెలకే చేతులు ఖాళీ. మేం కట్టుకునే యూనిఫాం చీర ఖరీదు కూడా మా జీతంలోంచే కోసేవారు.

అన్నిటికంటే కష్టం నిలబడడం. షట్టర్ ఎత్తినప్పటి నుంచి దించేదాకా కూర్చోకూడదు. షాపులో నరపురుగు లేకపోయినా సరే. కూర్చున్న అమ్మాయిని చూస్తే షాపు నడవడం లేదనుకుంటారట. మాకని ఒక్క స్టూలు లేదు. అన్నం కూడా స్టాక్ రూంలో గోడకు ఆనుకుని తినేవాళ్లం. కోడలు ఏసీలో పనిచేస్తోందని మా అత్తగారు అందరికీ చెప్పుకుని మురిసిపోయేది. ఆ ఏసీ చీరలకని ఆవిడకు చెప్పడానికి నాకు మనసొప్పలేదు.

నేను గుంటూరు వైపు నుంచి కొత్తగా వచ్చినదాన్ని. చేరిన కొద్ది రోజులకే పాదాలు వాచాయి. పెద్దక్క చూసింది. నా చేతిలో ఒక గుండుసూది పెట్టింది.

"కింద పడెయ్" అంది.

"ఎందుకక్కా?"

"పడెయ్ బిడ్డా, చెప్త."

పడేశాను.

"ఇగ వెతుకు. జల్దీ దొరకొద్దు."

కౌంటర్ వెనక చతికిలబడి వెతకడం మొదలుపెట్టాను. ఆ చల్లటి నేల ఎంత హాయిగా ఉందో చెప్పలేను. అంతలో ఫ్లోర్ మేనేజర్ వచ్చి ఏంటమ్మా అక్కడ అన్నాడు.

"సూది పడ్డది సార్. కస్టమర్ కాలికి గుచ్చుకుంటే మన షాపుకే బద్నాం" అంది పెద్దక్క, ముఖంలో ఏ మార్పూ లేకుండా. జాగ్రత్తగా వెతకమని చెప్పి ఆయన వెళ్లిపోయాడు.

ఆ తర్వాత మా షాపులో పడినన్ని గుండుసూదులు ఇంకెక్కడా పడి ఉండవు. వంతుల వారీగా పడేసుకునేవాళ్లం. ఒకసారి మేనేజరే వంగి సాయం చేశాడు. పాపం ఆయనకు వెంటనే దొరికింది. మా ముఖాలు మాడిపోయాయి.

"కాళ్లు మనయి బిడ్డా, షాపుయి గావు" అనేది పెద్దక్క. ప్రతి చీరనూ ముందు తన భుజం మీద వేసుకుని, "గీ ముసలిదాని మీదనే గింత మెరిస్తే నీ మీద ఎట్లుంటదో సూడు" అనేది. ఆ మాటకు పడిపోని పెళ్లికూతుర్ని నేను చూడలేదు.

అంతలో నేను కడుపుతో ఉన్నాను, ఐదో నెల వచ్చింది. సూదులతో సర్దుకునే దశ దాటిపోయింది. నడుం పట్టేసి కౌంటర్ పట్టుకుని నిలబడుతుంటే మేనేజర్ పిలిచి, "ఈ నెలాఖరుకి ఇంటికెళ్లిపోమ్మా, డెలివరీ అయ్యాక చూద్దాం" అన్నాడు. ఆ చూద్దాం అంటే ఏమిటో అందరికీ తెలుసు. మా ఆయన ఫిల్మ్ నగర్‌లో షూటింగులకు లైట్లు మోసేవాడు. షూటింగ్ ఉంటేనే కూలి. నా జీతం కూడా పోతే గది ఖాళీ చేయాల్సిందే. స్టాక్ రూంలో ఏడుస్తుంటే పెద్దక్క వచ్చి నా వీపు నిమిరింది. "ఫికర్ చెయ్యకు, జర ఆగు" అంది.

ఆ వారంలోనే ఒక నిర్మాతగారి తల్లి మనవరాలి పెళ్లి చీరలకని వచ్చింది. ఓనర్ స్వయంగా ఎదురెళ్లాడు. పెద్దక్క ఒక మంచి చీర తీసింది కానీ మడత విప్పలేదు.

"అమ్మా, పెండ్లి పట్టుచీర నిలవడి సూస్తరా? నేను ఇంతకుముందు సికింద్రాబాద్‌ల పాత షాపుల చేసిన. అక్కడ పరుపు మీద తెల్ల దుప్పటి ఏసి కూసోవెట్టేటోళ్లు. ఒళ్లె ఏసుకొని సూస్తేనే జరీ అసలు రంగు తెలుస్తది."

జరీ మాట నిజమో కాదో నాకిప్పటికీ తెలియదు. పెద్దావిడ మాత్రం కళ్లు పెద్దవి చేసింది. "నా పెళ్లి చీరలూ అలాగే కొన్నామే. ఇక్కడ పరుపు లేదా బాబూ?" అని ఓనర్‌ని అడిగింది.

ఆయన క్షణం ఆలోచించి డ్రైవర్‌ని ఇంటికి పంపాడు. కాసేపటికి ఓనర్‌గారి సొంత మంచం మీది పరుపు కారు నెత్తినెక్కి మా షోరూమ్‌కి వచ్చింది. తెల్ల దుప్పటి పరిచాం. పెద్దావిడ కూర్చుంది. ఎదురుగా పెద్దక్క కూర్చుంది. తర్వాత నా వైపు చూసి, "నువ్వు గూడ కూసో బిడ్డా, చీర అటు కొస ఎవరు పట్టాలె?" అంది.

ఓనర్ చూస్తుండగా, మేనేజర్ చూస్తుండగా, చేతిలో సూదైనా లేకుండా కూర్చున్నాను. పెద్దావిడ సాయంత్రం దాకా కదల్లేదు. ఆవిడ పరుపు దిగేసరికి పెళ్లికి కావాల్సిన చీరలన్నీ కొనడం అయిపోయింది.

తర్వాత ఒక మూల అంతా పరుపులే వచ్చాయి. సాఫ్ట్‌వేర్ పిల్లలు బాసింపట్టు వేయలేక తంటాలు పడుతూ కూర్చుని ఫొటోలు దిగేవారు. అది తన ఆలోచనేనని ఓనర్ అందరికీ చెప్పుకునేవాడు. మాకు ఒళ్లు మండేది. పెద్దక్క మాత్రం "చెప్పుకోనియ్యి, పరుపు ఆయనదే గద" అని నవ్వేది. ఇంటికెళ్లిపొమ్మన్న మాట మేనేజర్ మళ్లీ ఎత్తలేదు, నేను తొమ్మిదో నెల దాకా ఆ పరుపు మీదే పనిచేశాను. పాపకు ఆరో నెల రాగానే మళ్లీ అక్కడికే వచ్చి కూర్చున్నాను.

జీతాల దగ్గర మాత్రం ఆమె గెలవలేదు. ప్రతి దీపావళికీ పెంచమని అడిగేది, ప్రతి దీపావళికీ స్వీట్ డబ్బాతో తిరిగొచ్చేది. "తిందం. తిని మళ్ల అడుగుదం" అని మాకు పంచేది.

దినాలు అయిన మర్నాడు ఆ షాపు వైపు వెళ్లాను. మాతో పనిచేసినవాళ్లు ఒక్కరూ లేరు. మూల పరుపు మీద ఒక కొత్తమ్మాయి ఒళ్లో ఆకుపచ్చ చీర పరుచుకుని, దాని చాటున ఒక కాలు హాయిగా చాపుకుని ఉంది. నన్ను చూసి కాలు ముడుచుకోబోయింది. వద్దన్నాను.

"రండక్కా, కూసోండి" అంది పక్కకు జరుగుతూ. "పట్టుచీర నిలవడి సూడొద్దు."

ఆ మాట నీకెవరు చెప్పారని అడిగాను.

"ఏమో అక్కా. ఈడ అందరం గట్లనే అంటం."

చెప్పులు విప్పి పరుపు మీద కూర్చున్నాను. ఆ అమ్మాయి చీర ఒక కొస నా చేతికిచ్చి, రెండోది తను పట్టుకుంది.