వడగండ్లకు భయపడి వదులు చేసిన తీగ

ఆనాడు నేను పైకి పంపిన రిపోర్టులో ఒక వాక్యం తక్కువ. ఉద్యోగంలో ఉన్నంతకాలం దాన్ని రాయలేదు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

రెండో ప్రపంచయుద్ధం నాలుగో ఏట నన్ను వైర్‌లెస్ మెకానిక్‌గా రాయచోటి దగ్గరి గుట్ట మీదికి వేశారు. అక్కడ ఎత్తయిన ఇనుప స్తంభం ఒకటి ఉండేది. అది తనంతట తాను నిలబడలేదు. మూడు వైపులా ఉక్కు తీగలు లాగిపట్టి నిలబెడతాయి. ఒక్కో తీగ అడుగున బిగించడానికీ వదులు చేయడానికీ ఒక మర ఉంటుంది. ఆ మర ఎంత తిప్పాలో చెప్పేది నేను. తిప్పేది ఓబులేసు.

ఓబులేసు ఒంటిమిట్ట వైపు నేతగాడు. నూలు దొరకక మగ్గం ఆగిపోతే కూలికి వచ్చాడు. నూలు రాగానే వెళ్ళిపోతానని మొదటిరోజే చెప్పాడు.

నేను బడిలో చదివింది తక్కువ. తక్కిన విద్యంతా కడప గ్రంథాలయంలో, నిఘంటువు పక్కన పెట్టుకుని సంపాదించినదే. చలిదేశాల్లో తీగల మీద మంచు గడ్డకట్టి, ఆ బరువుకు తీగలు తెగి స్తంభాలు కూలతాయనీ, అందుకని బిగువు తగ్గించి కట్టాలనీ ఒక పుస్తకంలో చదివాను. మనకు వేసవిలో పడే వడగండ్లూ మంచుగడ్డలే కదా అనుకున్నాను. చైత్రంలో తీగలన్నీ వదులు చేయమన్నాను.

ఓబులేసు తీగను వేలితో మీటి చూశాడు. "శానా వదులుండాది సామీ. మగ్గం మీద దారం ఇట్లా యాలాడితే దెబ్బదెబ్బకీ తెగుతాది."

వడగండ్ల బరువు గురించి వివరించాను.

"వడగండ్లు తీగ మీద కూచుంటాయా సామీ? అవేమన్నా పిచికలా?"

"ఏమప్పా, పుస్తకం రాసినోళ్ళకంటే నీకెక్కువ తెల్సునా?"

"నాకు తెల్సింది దారమే," అంటూ మర తిప్పాడు.

వారం తిరక్కముందే ఒక మధ్యాహ్నం పెనుగాలి లేచింది. స్తంభం ఊగసాగింది. వదులు తీగ కిందికి వేలాడి, మరుక్షణం విదిలించినట్టు బిగుసుకుంటోంది. గాలి తగ్గేదాకా తీగ దగ్గరికి ఎవరినీ పంపకూడదన్నది మా నియమం. అది తెలిసీ, స్తంభం కూలుతుందన్న భయంతో "బిగించు" అని కేకవేశాను. ఓబులేసు పడమటి మర పట్టుకుని నాలుగు చుట్లు తిప్పాడు. ఐదో చుట్టులో తీగ విదిలించింది. అతని కుడిచేతి మూడు వేళ్ళు మరకూ, తీగను నేలకు పట్టి ఉంచే కొక్కేనికీ మధ్య నలిగిపోయాయి.

వడగండ్లు అప్పుడు పడ్డాయి. ఒక్కటీ తీగ మీద నిలవలేదు. నేల మీద వాటినే ఏరి, తువ్వాలులో మూటగట్టి అతని చేతికి అదిమాను.

"నూలొస్తే ఎట్లా సామీ?" అన్నాడు.

స్తంభం నిలిచింది. సూపర్‌వైజరు మెచ్చుకున్నాడు. గాలివాన వల్ల కూలీకి గాయమైందని రిపోర్టు రాశాను. తీగలు వదులు చేయించింది నేనేనని రాయలేదు. కొన్నేళ్ళకు నూలు వచ్చింది. అతని భార్య నాగమ్మ మగ్గంలో కూర్చుంది. ఓబులేసు పక్కన ఎడమచేత్తో కండెలు చుట్టేవాడు.

పుస్తకాన్ని ఏ వాతావరణం కోసం రాశారో చూసుకున్నాకే మర తిప్పించాలి. బిగువు చేతికి తెలిసినవాడు పక్కనుంటే ముందు అతన్ని అడగాలి.

అతన్ని ఆసుపత్రికి చేర్చిన బండి మస్తాన్‌కు, చెయ్యి నిలిపిన డాక్టరు సుబ్బన్నకు, ఇది రాయడానికి ఒప్పుకున్న నాగమ్మకు కృతజ్ఞతలు. తీగ వదులుగా ఉందని ముందే చెప్పినందుకు ఓబులేసుకు. అతను బతికుండగా నేను ఈ మాట అతనికి చెప్పలేదు.