నడుం వాల్చడం నిద్ర కాదు

ప్రొద్దుటూరులో నాకో చిన్న బట్టల కొట్టు ఉంది. ఆ మధ్య ఏడాది పాటు నిద్ర పట్టని జబ్బు కూడా ఉండేది. కొట్టు ఎలా సాగుతోందని అడిగినవాళ్ళు లేరు గానీ, నిద్ర సంగతి తెలిసేసరికి బజారంతా వైద్యులైపోయారు. పక్క కొట్టు టైలరు భాయ్ గసగసాల పాలు తాగమన్నాడు. కువైట్ నుంచి సెలవుకొచ్చిన ఆయన తమ్ముడు, "అరికాళ్ళకు ఆముదం పూసుకో మామా, పిడుగు పడినా లెయ్యవు" అన్నాడు. పూసుకున్నాను. దుప్పటి జిడ్డయింది. నిద్ర పట్టే చిట్కాలంటూ ఫోనులో వీడియోలొస్తే, అవి చూస్తూ తెల్లవార్లూ మేలుకున్నాను. పంచె కొనడానికొచ్చిన ఒక పెద్దాయన "ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు" అని సామెత చెప్పి వెళ్ళాడు. నాకు ఒళ్ళు మండింది. సుఖానికేం, పరుపు ఉంది, ఫ్యాను ఉంది, లేనిదల్లా నిద్రే.

అప్పుడే జమ్మలమడుగులో పెళ్ళి చూసుకుని నేనూ మా ఆవిడా బండి మీద తిరిగొస్తున్నాం. పట్టపగలు. ఒక్క క్షణం నా రెప్పలు మూతపడ్డాయి. కళ్ళు తెరిచేసరికి బండి రోడ్డు దిగి శనగ చేలో ఉంది. దెబ్బలు తగల్లేదు గానీ ఆమె పట్టుచీర నిండా నల్లరేగడి మట్టి.

"నువ్వు తిన్నగా నిద్ర పోయేదాకా నీ బండెక్కితే ఒట్టు" అంది మా ఆవిడ. ఇంటికి రాగానే తాళం తీసుకుని పోపుల డబ్బాలో వేసింది. ఇరవై ఏళ్ళుగా ఆ బండి మీద పులివెందులలోని వాళ్ళక్క ఇంటికి, దారిలో ముద్దనూరులో టీ తాగుతూ వెళ్ళేవాళ్ళం. మా ఇద్దరికీ తీరికగా మాటలు కుదిరేది ఆ దారిలోనే. అది పోయిందని నిజంగా దిగులేసింది.

వాళ్ళక్క చెప్పిందని మా ఆవిడ నన్ను పులివెందులలో ఒక డాక్టరు దగ్గరికి బస్సులో తీసుకుపోయింది.

"పగలు నిద్రపోతారా?" అని అడిగాడాయన.

"లేదు సార్" అన్నాను. అబద్ధమని నాకు అనిపించనే లేదు. ఒంటిగంటకు షట్టరు దించి, ఇంటికెళ్ళి సంగటి తిని, చల్లటి బండల మీద దిండేసుకుని నాలుగింటిదాకా పడుకోవడం మా తాత నాటి నుంచీ ఉన్నదే. దాన్ని మా ఇంట్లో నిద్ర అని ఎవరూ అనలేదు. నడుం వాల్చడం అంటారు.

"పగటేల పండుకోడంట!" అంది మా ఆవిడ. "సంగటి తిని మూడు గంటలు గురక పెడతాడు సార్. ఆ సప్పుడుకు మా మిద్దె మీద పావురాయి గూడా వాలదు."

నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. డాక్టరు నవ్వి, మాత్రలేమీ రాయకుండా నాలుగు మాటలు చెప్పాడు. పగటి నిద్ర మానాలి. ఎప్పుడు నిద్రపట్టినా పొద్దున ఒకే వేళకు లేవాలి. సాయంత్రం టీ వద్దు. పడక మీదికి ఫోను రాకూడదు. నిద్ర రాకపోతే దొర్లకుండా లేచి కాసేపు కూర్చోవాలి. ఏడాదిగా విన్న సలహాల్లో జిడ్డు లేనివి ఇవే.

చెప్పినంత తేలిక కాదు చేయడం. మధ్యాహ్నాలు కొట్టు తెరిచే ఉంచాను. ఎండకు జనం రారు. మడిచిన చీరలే మళ్ళీ మడుస్తుంటే, ఎదురుగా మా ఆవిడ శనక్కాయలు ఒలుస్తూ కాపలా. నా తల వాలితే ఒక కాయ వచ్చి నుదుటికి తగిలేది. మూడు వారాలకు పడుకోగానే నిద్ర పట్టసాగింది. ఇంకో నెల చూసి, ఒక ఆదివారం పొద్దున ఆమె కాఫీ గ్లాసు పక్కనే బండి తాళం పెట్టింది. తాళానికి ఇంకా జీలకర్ర వాసన ఉంది.

పులివెందులకు బయల్దేరాం. ముద్దనూరు దాటాక నా వీపు మీద బరువు పడింది. పిలిస్తే పలకలేదు. మెల్లగా వేపచెట్టు నీడకు బండి ఆపాను.

"నిద్రపోతాండావా?"

"యాడ? ఊరికే కండ్లు మూసుకున్నా" అంది ఉలిక్కిపడి.

ఆ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నేను దొర్లిన ఆ ఏడాదంతా పక్కన ఆమె మాత్రం ఎలా నిద్రపోయి ఉంటుంది? ఆ తర్వాత మధ్యాహ్నాలూ నా కాపలాకే పోయాయి. నాకింత కాలం తట్టనే లేదు. ఏ డాక్టరునూ ఆమె నిద్ర గురించి నేను అడగలేదు. సిగ్గేసింది.

పక్కనే ఉన్న కల్వర్టు గట్టు మీద కూర్చోబెట్టి, "కాసేపు నడుం వాల్చు" అన్నాను.

"ఎవరన్నా సూస్తారప్పా."

"సూడనీ."

నా భుజం మీద తల పెట్టి అరగంట పడుకుంది. ఆ అరగంటా నేను కదలకుండా, రెప్ప వాల్చకుండా కూర్చున్నాను.