గోడతో సహా తీసిన ఫొటో

బొబ్బిలిలో మా అత్తవారింట్లో కొత్త కోడలికి దక్కిన లోకమంతా మేడ మీది గది కిటికీయే. వీధి గుమ్మంలోకి వస్తే మామగారి కొట్టుకి వచ్చినవాళ్ళు చూస్తారు, డాబా ఎక్కితే బజారంతా చూస్తుంది. అరసవల్లిలో పుట్టింట్లో ఉన్నప్పుడు ఊరంతా కాళ్ళతో చుట్టబెట్టినదాన్ని. ఇక్కడ బట్టలు ఆరేయడానికి కూడా పనిమనిషే పైకి వెళ్ళేది.

పందొమ్మిది వందల అరవై ఏడో, అరవై ఎనిమిదో, చలికాలం. కిటికీకి ఎదురుగా సన్నటి సందు, సందు అవతల మామగారి గోనెల గోదాం. గోడ పైభాగంలో ఇటిక ఊడిన చోట కన్నం ఉండేది. అందులో పైడికంటి జంట ఒకటి కాపురం పెట్టింది. పైడికంటి అంటే పిడికెడంత గుడ్లగూబ. పొద్దున్నే ఎండ పడగానే రెండూ కన్నం అంచుకి వచ్చి, ఈకలు ఉబ్బించి, కళ్ళు సగం మూసి కూర్చునేవి. నేను కిటికీ తెరిస్తే తల పైకీ కిందికీ ఊపేవి. ఆ ఇంట్లో నా రాకని పట్టించుకున్నవి అవే.

ఈ సంగతి బయట పెట్టలేదు. ఆ ఏడు గోనెల బేరం పడిపోయింది. సాయంత్రం గూబ అరుపు వినపడితే మామగారికి ముద్ద దిగేది కాదు. పెరట్లో వేపచెట్టు మీద ఉందనుకుని కొమ్మలన్నీ కొట్టించేశారు. అరుపు ఆగలేదు. "ఎక్కడుంటన్నాదో తెలిస్తే సాలు, కప్పెట్టించేస్తాను" అనేవారు. సందులో నడిచేవాళ్ళెవరూ తలెత్తి చూడరు కాబట్టి అవి బతికిపోయాయి.

మా ఆయనకి ఒక డబ్బా కెమెరా ఉండేది. సరదా తీరిపోయి బీరువా మీద పడేశాడు. రీలు తెచ్చిపెట్టమని నేనే అడిగాను. ఒక్కటే బయట ఉన్న వేళ కిటికీ ఊచల మధ్య కెమెరా ఆనించి, పిట్టని సరిగ్గా నడిమధ్యన పెట్టి నొక్కాను. రీలు కడిగించి తెస్తే పిట్ట పెసరగింజంత ఉంది. పిట్టని మట్టుకు పెద్దది చేయించమన్నాను. అది చూసి మా ఆయన పడీ పడీ నవ్వాడు.

"ఏటే ఇది? పిట్టా, మసిగుడ్డా?"

ఒళ్ళు మండింది, కానీ ఆయన అన్నది నిజమే. డాబా మీంచయితే కాస్త దగ్గర. అడిగి చూశాను.

"ఏటమ్మా, డాబా ఎక్కి బజారుకి మొకం సూపిస్తావేటి?" అన్నారు అత్తగారు.

ఇక చేసేదేముంది, ఆ కిటికీలోంచే తీయాలి. కొన్నాళ్ళు కెమెరా ముట్టుకోకుండా ఊరికే చూశాను. అన్నాళ్ళూ పిట్టనే చూశాను గానీ గోడని చూడలేదని అప్పుడు తెలిసింది. ఎండ ఏటవాలుగా పడే వేళ పెచ్చులూడిన ప్రతిచోటా నీడ నిలిచేది. మామగారి కొట్టు పేరు రాసిన పెద్ద అక్షరాలు సగం చెరిగి ఉండేవి. పిట్ట చిన్నదైతే అవనీ, అంత గోడలో బతికున్నది అదొక్కటే అని కనపడాలి. ఈసారీ ఒక్కటే బయట ఉన్నప్పుడు చూసి, దాన్ని ఫొటోలో ఒక పక్కకి జరిపాను. అది చూస్తున్న వైపు గోడంతా వదిలేశాను. ఊచ అడ్డం రాకుండా కుర్చీ ఎక్కి, ఊపిరి బిగబట్టి నొక్కాను.

మొత్తం ఫొటోని పెద్దది చేయించి తెచ్చినప్పుడు మా ఆయన నవ్వలేదు. చాలాసేపు చూశాడు. పెళ్ళయ్యాక నాకు అంత సంతోషం కలగడం అదే మొదలు. "గదిలోనే ఉంచండి, కిందికి తీసుకెళ్ళకండి" అని మరీ మరీ చెప్పాను. ఆయన తల ఊపాడు. ఊపి, దానికి పటం కట్టించి, తిన్నగా తీసుకెళ్ళి సావిట్లో మామగారి చేతిలో పెట్టాడు.

"మీ కోడలు తీసింది, సూడు నాన్నా."

నేను తలుపు చాటున ఉన్నాను. మామగారు ముందు చూసింది పిట్టని కాదు, అక్షరాల్ని.

"ఇది మన గోదాం గోడ కదరా! మన నెత్తి మీదే ఉన్నాదా ఇది?"

"ఒరియావోళ్ళు లక్ష్మీదేవి వాహనం అంతారు నాన్నా" అని మా ఆయన నసిగాడు.

"మనం ఒరియావోళ్ళమేటిరా?"

మసిగుడ్డలాగే తీసి ఉంటే వాటి జోలికి ఎవరూ వెళ్ళేవారు కాదు. బాగా తీసినందుకు దొరికిపోయాయి.

మర్నాడు పొద్దున్నే తాపీమేస్త్రి గోదాం గోడకి నిచ్చెన వేశాడు. మబ్బు పట్టి ఎండ లేదు, పైడికంటులు లోపలే ఉన్నాయి. అతను ఇటిక ఎత్తి కన్నానికి పెట్టబోతుంటే నాకు ఆ గొంతు ఎక్కణ్ణించి వచ్చిందో తెలీదు.

"ఆగు బాబూ! లోపలున్నాయి! పానాలతో ఉన్నాయి!"

సందులోని మనుషులు, కొట్టు ముందు బళ్ళవాళ్ళు, అందరూ తలెత్తి నన్నే చూశారు. మేస్త్రి చెయ్యి ఆగింది. తాపీ పిడితో కన్నం అంచు మీద కొట్టాడు. ఒకటి, దాని వెనకాలే రెండోది బయటికి దూకి గోదాం కప్పు దాటిపోయాయి. అంతమంది చూస్తున్నా నేను కిటికీ దగ్గర్నుంచి కదల్లేదు.

మామగారు కోడలితో నేరుగా మాట్లాడరు. నాకు వినపడేలా అత్తగారితో అన్నారు: "దీనంతటికీ ఆ కిటికీయే కారణం."

మేస్త్రి కన్నం మూసేసి నిచ్చెనని ఇటు తిప్పాడు. మిగిలిన ఇటికలతో నా కిటికీని నా తల ఎత్తు దాటేదాకా కట్టేశాడు. కిందికి తొంగి చూడటానికి చోటున్నంతసేపూ చూశాను. మా ఆయన సందులో నిలబడి, నిచ్చెన జారకుండా రెండు చేతులా పట్టుకుని ఉన్నాడు.