అబిగయీలు కడగని ఆకులు

అబిగయీలుకు చెట్లంటే ప్రత్యేకమైన ప్రేమేమీ లేదు. ముప్పై ఏళ్లు నెల్లూరులో ఆసుపత్రి ఆయాగా చేసిన మనిషి; మురికి కనిపిస్తే ఊరుకోలేదు, అంతే. మైపాడు దగ్గరి సొంతూరికి తిరిగొచ్చిన ఏడాదే, సమాధుల తోటలోని పొన్నచెట్లకు కొబ్బరితోటల నుంచి తెల్లదోమ పాకింది. పరాయి దేశపు పురుగు. ఆకు అడుగున దూదిలాంటి బూజు, పైన జిగురు. ఆ పొన్నల కిందే ఆమె భర్త హెన్రీ సమాధి. చెట్లు పోతే ఇసుక లేచి సమాధుల్ని పూడ్చేస్తుందని ఊరంతా వాపోయింది. బక్కెట్టు పట్టింది మాత్రం ఆమె ఒక్కతే.

రెండు నెలలు, రోజూ పొద్దున్నే నిచ్చెనెక్కి సబ్బునీళ్లతో ఆకు ఆకూ తుడిచింది. అయినా తుడిచిన చెట్లే మళ్లీ తెల్లబడ్డాయి. నిచ్చెన నిలవక ఆమె తుడవని గోడవార చెట్టేమో చిగురేసింది.

ఉద్యానశాఖ నుంచి వచ్చిన వినీల ఆ చెట్టు ఆకు తిప్పి భూతద్దం పెట్టింది. "అక్కా, ఈ నల్లచుక్కలు చూసినావా?"

"చూడకేం! మొండివమ్మే అవి. గోటితో గీకితేగానీ పోవు."

"గీకేసినావా!" వినీల నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "అవి చచ్చిన దోమపిల్లలక్కా. ఒక్కోదాంట్లో ఒక బుల్లి కందిరీగ పెరగతా ఉంది. అది బయటికొస్తే మిగతా దోమ పని పడతాది."

అబిగయీలు నిచ్చెన మెట్టు మీద కూలబడింది. "అంటే, కానుపుగది కడిగి బిడ్డల్ని పారబోసినాను."

నల్లచుక్కల ఆకులు కోసి మిగతా చెట్లకు కట్టారు. ఇక ఏమీ చెయ్యొద్దంది వినీల. ముప్పై ఏళ్ల నౌకరీలో అబిగయీలుకు ఎవరూ నేర్పని పని అది.

ఈస్టర్‌కు వారం ముందు పాస్టర్ జీవానందం తోటకు వచ్చారు. "పండగనాటి తెల్లారుజాము ఆరాధన ఇక్కడే గదమ్మా. ఆడోళ్ల తెల్లచీరల మీద జిగురు పడతాదంట. రొయ్యల చెరువోళ్ల పంపు తెచ్చి మందు కొట్టిస్తాం."

"వద్దయ్యగారూ, కందిరీగ గూడా చస్తాది."

"మరి చీరలు?"

"నా ఇంటికి పంపీండి, నేనుతుకుతా. ఆకు మాత్రం ముట్టబాకండి!"

పండగ మర్నాడు పదకొండు చీరలు వచ్చాయి. నానబెట్టి, తోటకు పోయింది. హెన్రీ సమాధి మీది కొమ్మ వంచి, వినీల ఇచ్చిన భూతద్దంతో చూసింది. కట్టిన ఆకు మీద కాదు, చెట్టు సొంత ఆకు మీదే నల్లచుక్క. దాని వీపున గుండ్రటి చిల్లు. లోపల ఏమీ లేదు; కందిరీగ ఎగిరిపోయింది.

ఆకును మెల్లగా వదిలి, చీరలు ఉతకడానికి ఇంటికి నడిచింది.