మధ్యాహ్నం రీడింగులు

మిరప యార్డులో మా ఇంటి సరుకుకి మచ్చు తీసే పద్ధతి ఒకటి ఉండేది. టిక్కీ, అంటే మిరప బస్తా, మూతి విప్పాక పైన కనిపించే కాయల్ని ఎవరూ ముట్టుకోకూడదు. మా నాన్న చొక్కా చెయ్యి పైకి మడిచి, మోచేతి దాకా లోపలికి దూర్చి, దొరికిన కాయల్ని దొరికినట్టు తీసి కొనేవాడి ముందు పోసేవారు. అందులో రంగు పోయిన తాలు కాయలుంటే ఉన్నట్టే. ఒకసారి తెల్లబారిన కాయని ఏరి పక్కన పెట్టబోయిన గుమాస్తా చెయ్యి అందరి ముందూ పట్టుకుని ఆపారు. తర్వాత పొలాలు పోయాయి, పొగాకు కాల్చి ఆరబెట్టే బ్యారన్లు పోయాయి, ఇంటి ముందు సగం కూడా పోయింది. ఒకప్పుడు మా ట్రాక్టరు తోలినతను దాన్ని కొన్నాడు. మేము గొడ్ల సావిడి వైపు సందులోంచి ఇంట్లోకి వెళతాం. మచ్చు తీసే పద్ధతిని మాత్రం నేను పోనివ్వలేదు. అద్దంకి వైపు మిగిలిన నాలుగెకరాల్లో పండిన కాసిని కాయలకైనా చొక్కా చెయ్యి మడిచే మచ్చు తీస్తాను.

మా తమ్ముడు నాకంటే ఆరేళ్ళు చిన్న. పెళ్ళి చేసుకోలేదు. సంబంధాలు రావలసిన వయసులో పొలాలు అమ్ముడుపోతుంటే ఎవరూ అడగలేదు, ఆ తర్వాత వాడే వద్దన్నాడు. నా భార్య చేతి వంట తింటూ, నాతో పాటు పొలం చూసుకుంటూ ఉండిపోయాడు. బ్యారన్లున్న రోజుల్లో, కాల్చిన ఆకు అక్కడికక్కడే చుట్టుకుని ముట్టించడం అలవాటైంది వాడికి. మిగతావన్నీ పోయినా ఆ అలవాటు పోలేదు. కిందటి వానాకాలం మూత్రం ఎర్రగా పడుతుంటే నెల రోజులు మాకు చెప్పలేదు. చెప్పిన రోజు కూడా నవ్వుతూనే చెప్పాడు.

"ఈ ఏడు పైరు మన పొలంలో కాదన్నయ్యా, నా కడుపులో ఎర్రబారింది."

గుంటూరులో మూత్రం వచ్చే దారిలోంచే గొట్టం పంపి మూత్రాశయంలోని గడ్డని గీకి తీశారు. క్యాన్సరే. అయితే ఇంకా గోడలోకి దిగలేదు, వేళకి వచ్చారు అన్నారు డాక్టరు గారు. ఇది తిరిగి వచ్చే రకం కాబట్టి మూడు నెలలకోసారి లోపలికి గొట్టం వేసి చూడాలన్నారు. ఆ మధ్య రోజుల కోసం ఇంట్లో పెట్టుకునే చిన్న మిషను ఒకటి ఇచ్చారు. తమలపాకుల పెట్టె అంత ఉంటుంది. కప్పులో పట్టిన మూత్రంలో కాగితపు పట్టీ ముంచి, దాన్ని మిషను సందులో పెడితే, కంటికి కనిపించనంత రక్తం ఉన్నా పసిగడుతుంది. ఫలితం ఫోనులోకి వస్తుంది. పంపించు అని నొక్కితే ఆస్పత్రికి వెళుతుంది.

వాడిది బటన్ల ఫోను. అందుకని మిషను నా చేతికి వచ్చింది. ఎలా వాడాలో చూపించిన నర్సమ్మాయి రెండుసార్లు చెప్పింది.

"పొద్దున లేవగానే మొదట వచ్చినదే పట్టాలండి. మీటరు ఎంత చూపిస్తే అంతే పంపండి. బాగుందా లేదా అని మీరు చూడొద్దు. చూడ్డానికి మేమున్నాం."

నాకు ఒకరు చెప్పాలా అనుకున్నాను. మోచేతి దాకా చెయ్యి దూర్చే ఇంట్లో పుట్టినవాణ్ణి.

సావిడి పక్కన అరుగు మీద పెట్టుకున్నాం మిషనుని. వారానికి మూడు రోజులు, తెల్లవారుతుండగా వాడు కప్పు తెచ్చి నా ముందు పెట్టేవాడు. "పట్టు దొరా, వేలం మొదలెట్టు" అనేవాడు. నేను కళ్ళజోడు పెట్టుకుని పట్టీ ముంచేవాణ్ణి. రెండు నెలలు అలా సవ్యంగా సాగింది. ఒక రోజు మాత్రం రక్తం ఉన్నట్టు చూపించింది. చూపించినట్టే పంపాను.

ఆ పూట నేను కమీషను కొట్లో కూర్చుని ఉన్నాను. ఫోను మోగింది. కొట్లో గోల, సరిగా వినబడక స్పీకరు నొక్కాను. నర్సమ్మాయి గొంతు కొట్టంతా వినబడింది. "మీ తమ్ముడు గారి యూరిన్‌లో బ్లడ్ వచ్చిందండి, వెంటనే తీసుకురండి." తూకం వేసేవాళ్ళు కూడా ఆగి చూశారు. మా ఇంటి ముందు సగం కొన్నతను అక్కడే టీ తాగుతున్నాడు. గ్లాసు దించకుండానే అన్నాడు:

"ఏంటి పెదబాబు గారూ, మిరపకాయలు చాల్లేదని తమ్ముడి ఉచ్చకి కూడా మచ్చు తీసి గుంటూరు పంపుతున్నారంటగా. రేటెంత పలికిందేంటి?"

నవ్వారు. నేను లేచి, కండువా సర్దుకుని, అందరి మధ్యలోంచి నడిచి వచ్చేశాను. ఇలాంటి చోట్ల ఏమీ అనకపోవడం మా నాన్న దగ్గర నేర్చుకున్నాను. తీరా వాణ్ణి గుంటూరు తీసుకెళితే లోపల ఏమీ లేదు, ఇన్ఫెక్షను. మాత్రలిచ్చి పంపారు. ఆ తర్వాత మూడో నెల గొట్టం పరీక్షలో కూడా శుభ్రంగా ఉంది.

ఇక్కడి దాకా నేను చేసినదాంట్లో తప్పు లేదు.

కాయ ఎర్రబడి మొదటి కోత మొదలైన రోజుల్లో, ఒక చలి పొద్దున మిషను మళ్ళీ రక్తం చూపించింది. నేను ఫోను వైపు చూస్తూ కూర్చున్నాను. వేలు ముందుకి పోలేదు. కొట్లో నవ్వు చెవిలో మోగింది.

"ఏంటి, తాలు కాయా?" అన్నాడు తమ్ముడు.

"నిన్న ఎండలో నీళ్ళు తాగలేదుగా నువ్వు. వేడి చేసి ఉంటుంది. నీళ్ళు తాగు, మళ్ళీ చూద్దాం."

పెద్ద చెంబుతో నీళ్ళిచ్చాను. తర్వాత మజ్జిగ, మళ్ళీ నీళ్ళు. వాడు గుక్క తిప్పుకోకుండా తాగాడు. మధ్యాహ్నం రెండింటికి పట్టిన మూత్రం తెల్లగా నీళ్ళలా ఉంది. మిషను ఏమీ లేదంది. దాన్ని పంపాను. పొద్దుటిది మిషనులో మిగిలిపోయింది, ఫోనులోంచి తీసేశాను.

ఒకసారితో ఆగితే ఇది రాసేవాణ్ణి కాదు. ఆ తర్వాత అదే పద్ధతయింది. పొద్దున చూడటం, బాగుంటే పంపడం, బాగోకపోతే చెంబు తేవడం. కొన్నాళ్ళకి పొద్దున చూడటమే మానేశాను. నేరుగా నీళ్ళు తాగించి మధ్యాహ్నమే పట్టేవాణ్ణి. నీళ్ళు తాగితే ఒంటికి మంచిదే గదా అని నాకు నేనే చెప్పుకున్నాను. తమ్ముడికి తెలియదా అంటే తెలుసు. అన్నయ్య చేస్తున్నాడు కాబట్టి అందులో మోసం ఉండదని వాడి నమ్మకం. చిన్నప్పటి నుంచీ అంతే.

ఆరో నెల గొట్టం పరీక్షకి రమ్మని ఫోను వచ్చినప్పుడు కాయ కళ్ళంలో ఉంది. మబ్బు పట్టి ఉంది. ఇప్పుడు రాలేం అన్నాను.

"రీడింగులు బాగానే ఉన్నాయండి, కానీ దానికిది బదులు కాదు. లోపల చూడాల్సిందే. డాక్టరు గారు మరీ మరీ చెప్పమన్నారు" అందా అమ్మాయి.

"కళ్ళం ఎత్తగానే వస్తాం."

ఇంకోసారి ఫోను చేసింది. ఇంకోసారి అదే చెప్పాను. నేను పంపిన తెల్లటి రీడింగుల్ని నేనే నమ్మడం మొదలుపెట్టానని ఇప్పుడు అనిపిస్తుంది. టిక్కీ పైన మంచి కాయలు పేర్చినవాడు కూడా నాలుగు రోజులకి లోపలంతా అలాగే ఉందనుకుంటాడేమో. మాకు అలవాటు లేని పని కాబట్టి నాకు తెలియదు.

ఎండలు ముదిరాక, కళ్ళంలో కాయలు తిరగేస్తూ తమ్ముడు పట్టా మీద కూలబడ్డాడు. మూత్రం బిగిసిపోయింది. ముక్కలు ముక్కలుగా గడ్డ కట్టిన రక్తం. గుంటూరు చేరేదాకా కారులో నా చొక్కా పట్టుకునే ఉన్నాడు, అరవలేదు.

జబ్బు గోడని దాటి బయటికి వచ్చేసింది. మూత్రాశయం తీసేసినా లాభం లేనంత దూరం పోయింది. డాక్టరు గారు ఆ మాట వాడి మంచం పక్కనే, కంప్యూటరులో మా రీడింగులు చూస్తూ చెప్పారు. చాలాసేపు చూశారు.

"మొదటి నాలుగు నెలలూ అన్నీ పొద్దున ఆరింటికి ఉన్నాయి. తర్వాత మధ్యాహ్నం రెండింటివి మొదలై, చివరికి అన్నీ అవే. ఎందుకండీ?"

నేను నిటారుగా నిలబడ్డాను. నోట్లో మాట సిద్ధంగా ఉంది. మంచం మీంచి తమ్ముడు అన్నాడు:

"నేనేనండి, బద్ధకం. పొద్దెక్కేదాకా లేచేవాణ్ణి కాదు. అన్నయ్య రోజూ తిట్టేవాడు."

బుద్ధెరిగినప్పట్నుంచీ తెల్లవారాక నిద్రపోయినవాడు కాదు వాడు. డాక్టరు గారు తలూపి ఏదో రాసుకున్నారు. కొట్లో ఏమీ అనకపోవడం గౌరవం అనుకున్నాను. ఇక్కడ ఏమీ అనకపోవడాన్ని ఏమనాలో నాకు తెలుసు. అయినా అనలేదు.

ఇంటికి తెచ్చుకున్నాం. నొప్పికి మందులిస్తున్నారు. కొన్నాళ్ళకి నర్సమ్మాయి ఫోను చేసింది. ఇక మిషనుతో పని లేదు, ఇంకో పేషెంటుకి పనికొస్తుంది, ఈసారి మందులకి వచ్చినప్పుడు తెచ్చివ్వమంది. మూడుసార్లు వెళ్ళాను, మూడుసార్లూ మర్చిపోయానని చెప్పాను. ఆ పెట్టెలో పొద్దుటి రీడింగులన్నీ ఉన్నాయి. నేను ఫోనులోంచి తీసేసినవి అది తీసెయ్యలేదు.

"ఇచ్చెయ్ అన్నయ్యా. ఎవడికో పనికొస్తుంది" అన్నాడు తమ్ముడు.

"అందులో ఉన్నాయిరా అన్నీ."

"ఉంటే ఏం? నన్నేమైనా తిరగేసి ఎండబెడతారా ఇప్పుడు?"

నా భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆవిడ నన్ను ఇంతవరకు ఒక్క మాట అడగలేదు. చెంబులు తోమింది ఆవిడే.

మొన్న తీసుకెళ్ళాను. ఇస్త్రీ చొక్కా, కండువా వేసుకున్నాను. చెప్పవలసింది దారి పొడుగునా మనసులో అనుకుంటూ వెళ్ళాను. పొద్దున వచ్చినవి దాచాను, నీళ్ళు తాగించి మధ్యాహ్నానివి పంపాను, కావాలంటే ఇందులో చూడండి. నాలుగు ముక్కలే. నర్సమ్మాయి బల్ల మీద పెట్టె పెట్టాను. ఆ అమ్మాయి నన్ను చూసి లేచి నిలబడింది.

"ఆయనకెలా ఉందండి?"

"ఉన్నాడు."

పెట్టెని గుడ్డతో తుడిచి, వెనక ఏదో నొక్కిపెట్టి పట్టుకుంది. చిన్న లైటు రెండుసార్లు వెలిగి ఆరిపోయింది.

"పాతవన్నీ తీసేశానండి. వేరేవాళ్ళకివ్వాలి గదా" అని సొరుగులో పెట్టింది. అందులో అలాంటివి ఇంకో నాలుగున్నాయి. "కూర్చోండి, మంచినీళ్ళు తెస్తాను" అంది.

వద్దని చెప్పి వచ్చేశాను.

ఇంటికి వచ్చేసరికి తమ్ముడు మెలకువగానే ఉన్నాడు.

"చెప్పావా?"

"చెప్పలేదు."

వాడు కళ్ళు మూసుకున్నాడు. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. పక్కన చెంబు అందుకుని, "కాసిని నీళ్ళు తాగరా" అన్నాను.

"చాల్లే అన్నయ్యా" అన్నాడు. "ఇప్పటిదాకా తాగింది చాలు."