బాబాయి పెట్టిన నలభై

మా బాబాయి ముప్పై ఏళ్లు అచ్చాఫీసులో కంపోజిటరు. అక్షరాలు పేర్చడం కంటే వాటి మధ్య ఖాళీ పెట్టడమే కష్టమనేవాడు. వరుసల మధ్య సన్నటి సీసపు బద్దలు పెట్టేవాడు. రెండు పెడితే రెండింటి మందం, మూడు పెడితే మూడింటిది. ప్రెస్సు మూతపడ్డాక, యాభై ఆరేళ్ల వయసులో, నా పాత ల్యాప్‌టాప్ ముందేసుకుని వెబ్ పేజీలు కట్టడం నేర్చుకున్నాడు. నేను కాలేజీ మానేసి చేరిన ఆఫీసులోనే, టైర్ల కొట్టు పై అంతస్తులో, ఆయన్ని నెల రోజులు చూస్తామని తీసుకున్నారు. నచ్చితే ఉద్యోగం, లేకపోతే ఇంటికి.

మా పైవాణ్ణి అందరూ స్పీడు అంటారు. ఏ పనైనా గబగబా ముగించి, తప్పు ఇంకొకడి నెత్తిన రుద్దుతాడు. ఆఖరి వారం వాడు బాబాయికి ఒక కళ్ల ఆసుపత్రి పేజీ ఇచ్చాడు. చూపు తగ్గినవాళ్లు చదివేది కాబట్టి పేరాకీ పేరాకీ మధ్య నలభై పిక్సెళ్ల ఖాళీ ఉండాలని ఆసుపత్రివాళ్లు రాసి పంపారు.

బాబాయి పేజీ కొలతలు రాసే స్టైల్ షీట్‌లో ప్రతి పేరాకీ పైన ఇరవై, కింద ఇరవై ఖాళీ, అంటే మార్జిన్, పెట్టాడు. తెర మీద మాత్రం మధ్యలో ఇరవయ్యే ఉంది. వెళ్లి స్పీడుని అడిగాడు. మీ సీసం కాలంలో కూడికలు వేరేమో పెద్దాయనా అని వాడంటే గదంతా ఇకిలించింది. మర్నాడూ అడిగాడు, ఆ మర్నాడూ అడిగాడు. నన్నడిగితే నేనేం చెప్తాను? అందరిలాగే ఖాళీ వరుసలు కొట్టి నెట్టుకొచ్చినవాణ్ణి. నాకూ తర్వాతే తెలిసింది, అంతా ఒక్క వాక్యమేనని. ఒకదాని కింద ఒకటున్న పేరాల మార్జిన్లు కూడవు, రెండింట్లో పెద్దదే నిలుస్తుంది. ఈ ముక్క చెప్తే వాడి నోట్లో ముత్యాలేమన్నా రాలిపోతాయా?

నాలుగో రోజు బాబాయి కిందది ముప్పై చేసి చూశాడు. ముప్పై వచ్చింది. పైది యాభై చేశాడు. యాభై వచ్చింది.

"ఇవి కూడటం లేదురా. పెద్దది చిన్నదాన్ని మింగేస్తోంది" అన్నాడు నాతో.

పైది తీసేసి, కింద ఒక్కటే నలభై పెట్టాడు. పేజీ కుదిరింది.

నెల ముగిసేదీ ఆ రోజే. స్పీడు పేజీని ఫోన్లో పైకీ కిందికీ లాగి చూశాడు, వంక దొరకలేదు. ఉద్యోగంలో ఉండమన్నాడు. అంతటితో ఊరుకోవచ్చుగా. ఇకనుంచి తెలియకపోతే రోజులు తగలెయ్యకుండా అడగమని అందరి ముందూ నీతి కూడా చెప్పాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. నేను లేచేలోపే బాబాయి లేచాడు. యంత్రాల హోరు మీద మాట్లాడి అలవాటైన గొంతు ఆయనది.

"అడిగాను బాబూ. మూడు రోజులు అడిగాను, మూడు రోజులూ నవ్వావు. నీకిది తెలుసా, తెలీదా? తెలిస్తే ఎందుకు చెప్పలేదు? తెలీకపోతే ఎందుకు నవ్వావు?"

పని చూసుకోమన్నాడు స్పీడు, ఫోనులోంచి తలెత్తకుండా. జవాబు వినే కూర్చుంటానన్నాడు బాబాయి. ఇచ్చిన ఉద్యోగం ఆ నిమిషంలోనే పోయేలా ఉంది.

"తెలీదు" అన్నాడు స్పీడు చివరికి.

"అయితే ఇలా రా. కుర్చీ తెచ్చుకో."